హైస్కూల్లో నాట్యం పాఠంగా పెట్టాలంటే: ఏ నృత్యం, ఏ టీచరు, ఎన్ని పీరియడ్లు?

బడిలో నాట్యం పెడదామనే మాట రాగానే మొదట లేచే ప్రశ్న కూచిపూడా, భరతనాట్యమా అని. తల్లిదండ్రుల మీటింగులోనూ అదే, స్టాఫ్ రూములోనూ అదే. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. ముందు తేల్చుకోవలసింది నాట్యం ఎవరికి అన్నది. వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కే పాతికమందికా, ఆరో తరగతి బి సెక్షన్లో ఆఖరి బెంచీ దాకా కూర్చున్న 40 మందికా? దీనికి మీరు చెప్పే జవాబును బట్టి నృత్యం, టీచరు, చోటు, టైంటేబుల్, ఖర్చు అన్నీ మారిపోతాయి.

విజయవాడ, గుంటూరు బడుల్లో ఎక్కువగా కనిపించేది మొదటి పద్ధతి. సంక్రాంతి సెలవులు అవగానే బయటినుంచి ఒక డాన్స్ మాస్టారు వస్తారు. పొడుగు, చురుకు, ఒక్కోసారి రంగు కూడా చూసి పిల్లల్ని ఏరుకుంటారు. మూడు నాలుగు వారాలు సాయంత్రాలు రిహార్సల్, అద్దె డ్రస్సులు, చివరికి ఒక రాత్రి చప్పట్లు. స్టేజీ ఎక్కిన పిల్లలకు ఆ రాత్రి చాలాకాలం గుర్తుంటుంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ పాఠమంటే జూన్‌లో మొదలై ఏప్రిల్ దాకా సాగాలి. సిగ్గుపడే పిల్లకీ, లావుగా ఉన్న పిల్లాడికీ అందులో చోటుండాలి. పోయినేడాది నేర్చినదాని మీద ఈ ఏడాది కొత్తది రావాలి. వార్షికోత్సవం ఒక్కటే మీ ఉద్దేశమైతే మంచి కొరియోగ్రాఫర్‌ని కుదుర్చుకుంటే సరిపోతుంది. తరగతి మొత్తానికి పాఠంగా పెట్టాలనుకున్నవాళ్ల కోసం కిందిదంతా.

ఏ నృత్యం?

మన దగ్గర కూచిపూడి పేరు ముందుగా రావడం సహజం. ఆ ఊరు కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఉంది, విజయవాడ నుంచి పామర్రు మీదుగా గంటన్నర ప్రయాణం. పిల్లల్ని ఒక రోజు తీసుకెళ్లి ఊరినీ, కూచిపూడికి ఆద్యుడని చెప్పుకునే సిద్ధేంద్ర యోగి పేరున నడిచే కళాపీఠాన్నీ చూపించి సాయంత్రానికి తిరిగి రావచ్చు. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి ఊరు. తాము నేర్చుకుంటున్న కళ పుట్టిన చోటును స్కూలు బస్సులో వెళ్లి చూసి రాగలగడం అందరు పిల్లలకూ దొరికేది కాదు.

అయితే కూచిపూడి బడికి సరిపోవడానికి అంతకంటే పెద్ద కారణం దాని పుట్టుకలోనే ఉంది. అది మొదట నాటకం. యక్షగానాలు, కలాపాలు, ఒక్కో పాత్ర వచ్చేటప్పుడు పాడే ప్రవేశ దరువు, మధ్యమధ్య సూత్రధారుడి మాటలు, పాత్రలే నోరు విప్పి పలికే సంభాషణలు. అంటే 40 మంది ఉన్న తరగతిలో అందరూ ఒకే అడుగు వేయనక్కర్లేదు. కొందరు ఆడతారు, కొందరు మాట్లాడతారు, గొంతున్నవాళ్లు పాడతారు, లెక్క బాగా తెలిసిన పిల్లాడు తాళం పడతాడు. తెలుగు మాస్టారు పద్యం చదివించడంలో సాయపడతారు. ఏడో తరగతి తెలుగు వాచకంలో ఉన్న ఒక కథనే పావుగంట నృత్యనాటకంగా చేయించవచ్చు. ఒంటరిగా ఆడే నృత్యానికి ఇంత వెసులుబాటు ఉండదు.

దీనికో ఇబ్బంది ఉంది, దాన్ని ముందే తల్లిదండ్రులకు చెప్పాలి. కూచిపూడి నెమ్మదిగా వస్తుంది. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చోవడం, నమస్కారం, అడుగులు, వాటిని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో వేయడం, హస్తాలనే చేతి ముద్రలు. అభినయదర్పణమనే పాత నాట్యగ్రంథం ప్రకారం ఒంటి చేత్తో పట్టే అసంయుత హస్తాలే 28. వారానికి ఒక్క పీరియడ్ ఇస్తే దసరా, సంక్రాంతి సెలవులు, పరీక్షల వారాలు పోను ఏడాదికి మిగిలేవి పాతిక, మహా అయితే ముప్పై పీరియడ్లు. అందులో కొన్ని అడుగుల వరసలు, ఒక చిన్న అంశం కుదిరితే గొప్ప. దీపావళికల్లా ‘ఇంకా ఒక్క పాటైనా రాలేదా’ అని ఇంట్లో అడుగుతారు. ఇత్తడి పళ్లెం మీద తరంగం ఎప్పుడు నేర్పుతారని కూడా అడుగుతారు. పళ్లెం బడి పాఠానికి సంబంధించినది కాదు. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు గురువు పక్కన ఉండగా చేయవలసినది.

భరతనాట్యం విషయంలో మన దగ్గర ఒక అపోహ ఉంది, అది మనది కాదని. అందులో ఆడే వర్ణాలు, పదాలు, జావళులు అనే పాటల్లో తెలుగువి ఎన్నో. క్షేత్రయ్య పదాలు లేకుండా ఆ కచేరీ సంప్రదాయాన్ని ఊహించలేం. బోధన వైపు నుంచి చూస్తే దానికో బలం ఉంది: అలరింపుతో మొదలై జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, తిల్లానా అనే క్రమం స్పష్టంగా ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్ల ఎక్కడుందో, తర్వాత ఏం రావాలో టీచరు, తల్లి ఇద్దరూ తెలుసుకోగలరు. బలహీనత ఏమిటంటే ఆ క్రమమంతా ఒక్కరు ఆడటానికి కట్టినది. మీ చుట్టుపక్కల మంచి భరతనాట్యం టీచరు ఉండి, కూచిపూడికి అంతంతమాత్రంగా నేర్పేవాళ్లే దొరికితే నిస్సంకోచంగా భరతనాట్యం పెట్టండి. ఒకే పిల్లలకు రెండూ కలిపి మాత్రం వద్దు. చేతుల తీరు, నడక, అడుగు పడే పద్ధతి వేరు కాబట్టి మొదటి మూడేళ్లలో రెండూ పాడవుతాయి.

ఇక నా మనసుకు దగ్గరైన ఎంపిక, బడులు తక్కువగా పట్టించుకునేది, జానపదం. అందులోనూ కోలాటం.

ఆరు, ఏడు తరగతులకు కోలాటం కంటే మంచి మొదలు నాకు కనిపించలేదు. ప్రతి పిల్లకూ రెండు కర్రలు, మధ్యలో ఒక పాట, అంతే సరంజామా. గుండ్రంగా తిరిగే ఆటలో ముందు వరసా ఉండదు, వెనక వరసా ఉండదు. తాళం తప్పితే టీచరు అరవనక్కర్లేదు. ఎదుటి పిల్ల కర్ర తగలదు, తప్పు తనకే తెలుస్తుంది, తనే సరిదిద్దుకుంటుంది. ఒక కోపు, అంటే ఒక అడుగుల వరస వచ్చాక ఇంకో కోపు, తర్వాత లోపలి వలయం, బయటి వలయం ఎదురెదురుగా నడవడం, బాగా కుదిరాక పైనుంచి వేలాడదీసిన తాళ్లను అల్లుతూ విప్పుతూ ఆడే జడ కోలాటం. ఏడాది తిరిగేసరికి తరగతి మొత్తం ఒక పూర్తి పాటకు ఆడగలదు, అదే ముప్పై పీరియడ్లలో. పైగా చాలామంది పిల్లల ఇళ్లలో అమ్మో, పిన్నో, పక్కింటి అత్తమ్మో ఏదో ఒక కోలాటం బృందంలో ఉంటారు. ఆ తల్లుల్లో ఒకరిని పిలిచి ఒక పీరియడ్ నేర్పించమంటే వచ్చే ఉత్సాహం వేరే.

కోలాటంతోనే ఆగిపోనక్కర్లేదు. గరగ కుండ తలమీద పెట్టుకుని ఆడే గరగలు ఉన్నాయి, పల్నాడు తండాల్లో లంబాడీ ఆట ఉంది, అన్నిటికీ మించి డప్పు ఉంది. డప్పు దరువు తెలిసిన పిల్లలకు తర్వాత ఏ తాళమైనా సులువుగా పడుతుంది. ఇక్కడ కొన్ని బడులు ఎందుకు వెనకాడతాయో అందరికీ తెలుసు. డప్పును చావుకో, చాటింపుకో కొట్టేదిగా, ఒక కులానికి అంటగట్టి చూసే అలవాటు ఇంకా పోలేదు. అందుకే దాన్ని బడిలోకి తీసుకురావడం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. తీసుకొచ్చేటప్పుడు తరతరాలుగా వాయిస్తున్న కళాకారుణ్ణే పిలవండి. ఆయన్ను ‘గురువుగారు’ అనే పిలిపించండి, కూచిపూడి టీచరుకు ఇచ్చే రేటే ఇవ్వండి. యూట్యూబ్ చూసి పీఈటీ సారు నేర్పితే ఆ పాఠంలో సగం పోయినట్టే.

సినిమా పాటల డాన్సు, వెస్టర్న్ గురించి నాలుగు మాటలు. పిల్లలకు అవి ఇష్టం, అబ్బాయిలు సిగ్గు విడిచి లేచేది వాటికే. శిక్షణ పొందిన వెస్టర్న్ టీచరైతే శరీరంలో ఒక్కో భాగాన్ని విడిగా కదిలించడం, బరువు మార్చుకోవడం, సొంతంగా అడుగులు కూర్చడం పద్ధతిగా నేర్పుతారు. అలాంటివాళ్లు దొరికితే కాదనకండి. ఫోన్లో పాట పెట్టి తెరమీది హీరోహీరోయిన్లను అనుకరింపజేయడం మాత్రం పాఠం కాదు. 12 ఏళ్ల పిల్ల చేత పెద్దవాళ్ల శృంగార భంగిమలు వేయించడం బడి చేయకూడని పని.

అబ్బాయిలు, పూజలు, పరికిణీలు

అబ్బాయిల్ని ఆటస్థలానికి, అమ్మాయిల్ని నాట్యానికి పంపే టైంటేబుల్ చాలాచోట్ల చూశాను. దానితో నాట్యం అమ్మాయిల పనిగా ఖాయమైపోతుంది. కూచిపూడిని శతాబ్దాలపాటు ఆడినది మగవాళ్లేనని, సత్యభామ వేషంతో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు దేశమంతా పేరు తెచ్చుకున్నారని, వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరినో తయారు చేశారని మొదటి వారంలోనే అబ్బాయిలకు చెప్పండి. కోలాటం, డప్పులతో మొదలుపెట్టిన బడుల్లో ఈ సమస్య చాలావరకు పుట్టదు కూడా.

గుంటూరులోనైనా బెజవాడలోనైనా ఒక సెక్షన్లో హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు, క్రైస్తవుల పిల్లలు కలిసే కూర్చుంటారు. శాస్త్రీయ నృత్యం ఎంచుకుంటే దేవుడి పాటలు వస్తాయి, కొందరు తల్లిదండ్రులకు అది ఇబ్బంది. దీనికి దారి ఉంది. జతిస్వరం, తిల్లానా వంటి శుద్ధ నృత్తంతో, అంటే కథ లేకుండా తాళానికి ఆడేదానితో, వాచకంలోని పద్యాలతో, వానా పంటా గురించిన పాటలతో నేర్పితే కళకు లోటు రాదు. మొదటిసారి గజ్జెలు కట్టేముందు చేసే గజ్జెపూజ కావాలనుకునేవాళ్లు ఇంటి దగ్గర చేసుకుంటారు, బడిలో దాన్ని తప్పనిసరి చేయకండి. డ్రస్సు కూడా అంతే. చుడీదార్ మీద చున్నీ నడుముకు గట్టిగా కట్టుకుంటే వారపు క్లాసుకు చాలు.

టీచరు ఎక్కడినుంచి?

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది ఇదే. నాలుగు దారులున్నాయి, నాలుగింటికీ ఖరీదు వేరు, ఫలితం వేరు.

మొదటిది, రెగ్యులర్ టీచరుగా తీసుకోవడం. ఆరు నుంచి తొమ్మిది దాకా తరగతికి రెండేసి సెక్షన్లు ఉంటే ఎనిమిది సెక్షన్లు, వారానికి రెండేసి పీరియడ్లంటే 16. ఆ లెక్కకు ఒక పూర్తికాలపు ఉద్యోగం న్యాయమే. ఆమె స్టాఫ్ మీటింగుల్లో ఉంటుంది, పిల్లల పేర్లు తెలుస్తాయి, ఎవరికి మోకాలి నొప్పి, ఎవరింట్లో ఒప్పుకోవడం లేదు అన్నదీ తెలుస్తుంది. పెద్ద ప్రైవేటు బడులకు నా ఓటు దీనికే. ఒక్క షరతు: ఆమెను సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లకు, ఫీజుల ఫోన్లకు వాడుకోకూడదు.

రెండోది, ఊళ్లోని నృత్య కళాశాల నుంచో, సొంతంగా క్లాసులు నడిపే గురువు దగ్గరినుంచో వారానికి రెండు రోజులు వచ్చే టీచరు. ఖర్చు తక్కువ, మధ్యతరగతి బడులకు ఆచరణలో కుదిరేది ఇదే. ఇబ్బంది ఎక్కడంటే, బయట పదిమందికి నేర్పే అలవాటుతో వచ్చి 40 మందిని చూడగానే బాగా ఆడే ఐదుగుర్ని పట్టుకుని మిగతావాళ్లను కూర్చోబెడతారు. తర్వాత ఆ ఐదుగురు ఆమె ప్రైవేటు క్లాసులో చేరతారు. తప్పేం కాదు గానీ మీరు జీతమిచ్చింది తరగతి మొత్తానికి. ఆ మాట ఒప్పందంలోనే రాసుకోండి.

మూడోది ప్రభుత్వ బడులకు పనికొచ్చేది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా వందమందికి మించి పిల్లలున్న చోట కళావిద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి. ఆ పోస్టులో ఉన్నవారు చిత్రలేఖనం వైపు వారైతే నాట్యం మిగిలిపోతుంది. అలాంటప్పుడు బడిలోనే ఆసక్తి ఉన్న ఒక టీచరును, తెలుగు మేడమో పీఈటీనో, కోలాటం వరకు తయారు చేసుకోవచ్చు. ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకు కళల మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్టీకి హైదరాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. కూచిపూడి మాత్రం ఇలా కుదరదు. రెండు వారాల శిక్షణతో ఎవరూ అడుగు సరిదిద్దే స్థాయికి రారు, తప్పు అరమండి పెరిగే వయసు మోకాళ్లను దెబ్బతీస్తుంది.

నాలుగోది, బడిలో పెట్టకుండా ఆసక్తి ఉన్నవాళ్లను బయటికి పంపడం. విజయవాడలో ఘంటసాల పేరున ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపై డిప్లొమా రెండేళ్లు. నాట్యాన్ని గట్టిగా పట్టుకోవాలనుకునే పిల్లకు బడి పీరియడ్ ఎలాగూ చాలదు, ఆమెకు ఇదే సరైన దారి. బడి చేయగలిగింది ఆమెను గుర్తించి ఇంట్లోవాళ్లతో మాట్లాడటం, సాయంత్రం స్టడీ అవర్‌లో కాస్త సడలింపు ఇవ్వడం. మిగతా 39 మందికి మాత్రం ఇది జవాబు కాదు.

టీచరు ఎవరైనా కొన్ని నియమాలు ముందే చెప్పండి. భంగిమను మాటతోనో, తాను చేసి చూపించో సరిదిద్దాలి, పిల్లల్ని తాకవలసి వస్తే అడిగి తాకాలి. క్లాసు తలుపు తెరిచే ఉండాలి. నెలసరి రోజుల్లో పిల్ల కూర్చుంటానంటే కారణం అందరిముందు అడగకూడదు. అమ్మాయిలు చాలామంది నాట్యం మానేసేది ఎనిమిదో తరగతి వయసులోనే, ఒక్క నొప్పించే మాట చాలు వాళ్లు తిరిగి రాకపోవడానికి.

చోటు, పీరియడ్లు

20 అడుగులకు 25 అడుగుల గది అంటే 500 చదరపు అడుగులు. చేతులు చాచి ఒక అడుగు ముందుకు వేయాలంటే పిల్లకు ఆరడుగులకు ఆరడుగులు, అంటే 36 చదరపు అడుగులు కావాలి. బెంచీలన్నీ తీసేసినా 13, 14 మందికి మించి పట్టరు. కాబట్టి శాస్త్రీయ నృత్యమైతే పెద్ద హాలైనా ఉండాలి, లేదా సెక్షన్ను విడగొట్టి ఒక భాగాన్ని లైబ్రరీకో డ్రాయింగుకో పంపాలి. కోలాటం గ్రౌండ్‌లో అయిపోతుంది, పొద్దున మొదటి రెండు పీరియడ్లలో పెడితే. మన ఎండల్లో మధ్యాహ్నం తర్వాత వట్టి కాళ్లతో గ్రౌండ్‌లో నిలబెట్టకండి. సిమెంటు నేల మీద గట్టిగా తట్టడం, గెంతడం తగ్గించాలి. చెక్క నేల కుదిరితే అదే మేలు.

కూచిపూడికి వారానికి విడివిడిగా రెండు పీరియడ్ల కంటే కలిపి ఒక డబుల్ పీరియడ్ మంచిది. 40 నిమిషాల్లో హాలుకు వెళ్లడానికి, చున్నీ కట్టుకోవడానికి, ఒళ్లు వేడెక్కించుకోవడానికే పావుగంట పోతుంది. కోలాటానికి సింగిల్ పీరియడ్లే నయం, చిన్న పిల్లలు మధ్యలో మూడు రోజులు దాటితే కోపులు మరిచిపోతారు.

మార్కుల సంగతి

స్టేట్ సిలబస్ పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో నాట్యానికి పేపరు లేదు, 600 మార్కుల్లో అది కలవదు. ఈ మాట దాచిపెట్టి తల్లిదండ్రుల్ని ఒప్పించకండి. ఐసీఎస్ఈలో పదో తరగతి మూడో గ్రూపులో భారతీయ నృత్యాన్ని సబ్జెక్టుగా తీసుకోవచ్చు, సగం మార్కులు బడిలో వేసేవే. సీబీఎస్ఈలో 11, 12 తరగతుల్లో కూచిపూడి, భరతనాట్యం ఎలక్టివ్‌లుగా ఉన్నాయి, ప్రాక్టికల్‌కు 70, థియరీకి 30. కానీ మన దగ్గర ఎక్కువమంది పదో తరగతి అవగానే ఇంటర్లో ఎంపీసీకో బైపీసీకో వెళ్లిపోతారు. కాబట్టి ఆ ఎలక్టివ్ కోసమే బడి మార్చడం అరుదైన పిల్లలకే అర్థవంతం. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వారికి కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి నడుపుతున్న కళా ఉత్సవ్ పోటీల్లో నృత్యం ఉంది. పోటీ ఇష్టమైన పిల్లలకు అది మంచి గురి.

బడిలో మీరే మార్కులో గ్రేడో వేయాల్సి వస్తే చూడవలసినవి: తాళం నిలబెడుతుందా, పక్కవాళ్లతో కలిసి నడుస్తుందా, జూన్‌లో ఎక్కడుండి ఇప్పుడెక్కడికి వచ్చింది, సొంతంగా నాలుగు అడుగులు కూర్చగలదా. ఒంటి తీరు, అందం, డ్రస్సు ఖరీదు ఆ కాగితం మీదికి రాకూడదు.

నేనైతే ఏం ఎంచుకుంటాను

ప్రభుత్వ ఉన్నత పాఠశాల అయితే ఆరు నుంచి ఎనిమిది దాకా అందరికీ కోలాటం, ఏడాదికి ఒకసారి వారం రోజులు డప్పు గురువుగారి శిబిరం. తొమ్మిదిలో కోరుకున్నవాళ్లకు వచ్చిపోయే టీచరుతో కూచిపూడి. బడ్జెట్ ఉన్న ప్రైవేటు బడి అయితే రెగ్యులర్ టీచరు, ఆరు ఏడుల్లో కోలాటం, ఎనిమిది తొమ్మిదిల్లో డబుల్ పీరియడ్‌తో కూచిపూడి, ఏడాది చివర సెక్షన్ మొత్తం పాల్గొనే ఒక నృత్యనాటకం. తుమ్మలపల్లి కళాక్షేత్రం అద్దెకు తీసుకోకపోయినా ఫర్వాలేదు, బడి ప్రాంగణంలో తల్లిదండ్రుల ముందు ఆడితే చాలు. పదో తరగతిలో పూర్తిగా తీసేయకుండా వారానికి ఒక పీరియడ్ ఉంచండి, కొత్తవి నేర్పకపోయినా. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లతో టెన్షన్ పడే పిల్లలు ఒళ్లు కదిలించేది ఆ ఒక్క పీరియడ్‌లోనే. చిన్న బడి, హాలు లేదు, డబ్బు లేదు అంటే కోలాటం ఒక్కటి చాలు, దాన్నే నాలుగేళ్లు బాగా నేర్పండి.

టీచర్ను ఖాయం చేసే ముందు సర్టిఫికెట్లు చూడండి, కానీ వాటితో ఆపకండి. ఆమె ఆడి చూపించే అంశం చూసి నిర్ణయించకండి. ఆరో తరగతి సెక్షన్ మొత్తాన్ని అప్పగించి ఒక పీరియడ్ డెమో క్లాసు అడగండి. మీరు వెనక కూర్చుని, పిల్లల్లో అందరికంటే బెరుగ్గా ఉన్నవాళ్లను ఇద్దర్ని గమనించండి. పీరియడ్ అయ్యేలోపు ఆ ఇద్దరూ ఎన్ని నిమిషాలు లేచి కదిలారో చూసుకోండి. పదిహేను నిమిషాలైనా కదిలితే అదే రోజు జీతం మాట్లాడుకోవచ్చు.